కొమర్రాజు వారు రాయని మన అధ్యాయం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు ఫోన్ చేసినప్పుడే, బడి జ్ఞాపకాలు మాత్రం రాయనని చెప్పేశాను. గ్రౌండులో వేపచెట్టు గురించి, ఇంటర్వెల్లో ఉప్పుకారం అద్దుకుని తిన్న జీడిమామిడి పళ్ళ గురించి, లెక్కల మాస్టారి బెత్తం గురించి నాకంటే బాగా రాసేవాళ్ళు ప్రతి బేచ్‌లోనూ ఇద్దరు ముగ్గురైనా ఉన్నారు. నేను రాయదలచుకున్నది మన బడితో ఏ చుట్టరికమూ లేని ఒక మనిషి గురించి. ఆయన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు. ఇంగ్లీషు రాని తెలుగు కుర్రవాడి చేతిలో మంచి చరిత్ర పుస్తకం పెట్టాలని పట్టుబట్టి, పెట్టి చూపించిన మనిషి.

కాలువలూ కల్వర్టులూ కట్టుకునే ఇంజనీరుకి ఈ గొడవెందుకని మిత్రులు నవ్వుకోవచ్చు. కారణం ఉంది. వ్యాసం చివర డబ్బు కూడా అడుగుతాను, ముందే హెచ్చరిస్తున్నాను.

ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు హైదరాబాదులో ఉన్నాను. సాయంత్రాలు పని త్వరగా అయిపోతే కోఠీ దగ్గర సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. మొదట్లో పేపరు చదవడానికే. తర్వాత అక్కడి పాత పుస్తకాల రుచి తగిలింది. విజ్ఞానచంద్రికా గ్రంథమాల అని ముద్ర ఉన్న పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చదవడం మొదలుపెట్టాను. కాగితం గోధుమరంగుకి తిరిగి, అంచులు అప్పడంలా విరిగిపోతున్నాయి. వాటి వెనక ఎవరున్నారని వెదికితే ఈయన పేరు వచ్చింది. నేను కూర్చున్న ఆ గ్రంథాలయాన్ని 1901 సెప్టెంబరు 1న మొదలుపెట్టినవాళ్ళలోనూ ఈయన ఉన్నారని తెలిసి మరీ ఆశ్చర్యపోయాను.

లక్ష్మణరావు గారు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. మూడేళ్ళ వయసులోనే తండ్రి వేంకటప్పయ్య గారు పోయారు. అక్క భండారు అచ్చమాంబ ఆయనకంటే మూడేళ్ళే పెద్ద. బావగారి ఉద్యోగం వల్ల ఆ కుటుంబం నాగపూరు చేరింది, తమ్ముడి చదువూ అక్క ఇంట్లోనే సాగింది. ఆ చదువంతా మరాఠీ మధ్యన. మరాఠీలో వ్యాసాలు రాసి పేరు తెచ్చుకునేటంతగా ఆ భాష ఆయనకు పట్టుబడింది. 1900లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఏ. ప్యాసయ్యారు. తెలుగుదేశానికి దూరంగా పెరిగినవాడు తెలుగులో పుస్తకాల ఉద్యమం నడపడం ఏమిటని అనిపిస్తుంది. నాకు మాత్రం ఇది సహజంగానే తోస్తుంది. ఒక భాషలో ఉన్నదేదో ఇంకో భాషలో లేదని కళ్ళారా చూసినవాడికే ఆ లోటు తెలుస్తుంది. మరాఠీలో చరిత్ర పుస్తకాలున్నాయి, తెలుగు కుర్రవాడికి లేవు. ఆయన తెలుగులో రాసిన తొలి పుస్తకాల్లో శివాజీ చరిత్ర ఒకటి కావడంలో వింత లేదు.

అచ్చమాంబ గారి సంగతి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఆమె బడికి వెళ్ళలేదు. ఆరేళ్ళకే పెళ్ళి అయింది. తమ్ముడు బడిలో నేర్చుకున్నది ఇంటికొచ్చి చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకుంది. తెలుగు, హిందీ, మరాఠీ అలా వచ్చాయి. ఆడవాళ్ళకు తెలివి తక్కువ, ధైర్యం తక్కువ అనే మాటకు జవాబుగా, చరిత్రలో నిలిచిన స్త్రీల జీవితాలు పోగుచేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. అది 1901లో పుస్తకంగా వచ్చింది. ఆ మరుసటి ఏడాది రాసిన 'ధనత్రయోదశి' తెలుగులో మొదటి కథ అని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. 1905లో ముప్పై ఏళ్ళకే ఆమె చనిపోయింది. పిల్లల పుస్తకాల సంగతి వచ్చినప్పుడు తమ్ముడి పేరొక్కటే చెప్పుకుంటాం కానీ, బడి ముఖం చూడని అక్కకు తన పాఠాలు మళ్ళీ చెప్పిన కుర్రవాడు తర్వాత ఏం చేశాడో చూస్తే, ఆయన మొదటి పాఠకురాలు ఎవరో తెలిసిపోతుంది. ఇంగ్లీషు రానివాళ్ళకు, కాలేజీకి పోనివాళ్ళకు రాయాలన్న పట్టుదల ఆ ఇంట్లోనే పుట్టిందని నా నమ్మకం.

చదువయ్యాక ఆయన మునగాల సంస్థానంలో దివానుగా చేరారు. జమీందారు రాజా నాయని వేంకటరంగారావు గారు. మునగాల చిత్రమైన ఎస్టేటు: పేరుకి బ్రిటిషువారి కృష్ణా జిల్లాలోది, చుట్టూ నైజాం రాజ్యం. అందువల్ల దివానుగారి కాళ్ళు రెండు రాజ్యాల్లోనూ తిరిగాయి. నైజాంలో అప్పుడు తెలుగువాళ్ళు లక్షల్లో ఉన్నా సర్కారు ఉద్యోగానికి, బడికి, కచేరీకి వేరే భాష కావాలి. తెలుగు ఇంట్లో మాట్లాడుకునేది మాత్రమే. రావిచెట్టు రంగారావు గారి వంటి మిత్రులతో కలిసి హైదరాబాదులో భాషా నిలయం పెట్టింది ఆ పరిస్థితిలో. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. అయితే గ్రంథాలయం కట్టాక ఇంకో చిక్కు వచ్చి పడుతుంది. బీరువాల్లో ఏం పెడతారు? కావ్యాలు, శతకాలు, పురాణాలు ఉన్నాయి. పదార్థవిజ్ఞానం, రసాయనశాస్త్రం, దేశచరిత్ర తెలుగులో ఎక్కడ?

దానికి జవాబే 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి. లక్ష్మణరావు గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజావారు దీని వెనక ఉన్నారు. 1908లో మండలి మద్రాసుకు మారింది. చందాదారులను చేర్చుకుని, వరసగా పుస్తకాలు వేసి, వాళ్ళ ఇళ్ళకు పంపే పద్ధతి. ఆచంట లక్ష్మీపతి గారు జీవశాస్త్రం రాశారు, కట్టమంచి రామలింగారెడ్డి గారు అర్థశాస్త్రం రాశారు, చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము' 1910 నుంచి ఇక్కడే వెలువడింది. చరిత్ర పుస్తకం బరువనిపించే కుర్రవాళ్ళ కోసం చారిత్రక నవలలకు పోటీలు పెట్టారు. నవల ఎర, చరిత్ర గాలం అన్నమాట. ఇందులో తప్పేమీ నాకు కనిపించదు. మా తరం చందమామ చదవలేదా!

మండలి మొదటి పుస్తకం ఏమిటో చూస్తే ఆ మనుషుల ధోరణి అర్థమవుతుంది. 1907లో వచ్చిన 'అబ్రహాము లింకను చరిత్ర', గాడిచర్ల వారిది. ఏ రాజుదో, ఏ చక్రవర్తిదో కాదు. కట్టెల ఇంట్లో పుట్టి, బడి చదువు లేకుండా ఎదిగి, బానిసత్వాన్ని రద్దుచేసినవాడి కథ. ఆ ఏడాది బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. వందేమాతరం బాడ్జీలు పెట్టుకున్నందుకు రాజమండ్రిలో విద్యార్థుల్ని కాలేజీనుంచి పంపేశారు, వాళ్ళలో గాడిచర్ల ఒకరు. మరుసటి ఏడాది పత్రికలో రాతలకు ఆయన జైలుకు వెళ్ళారు. ఆ వేడిలో ఈ మండలి నినాదాలు అచ్చువేయలేదు, లింకన్ జీవితం అచ్చువేసింది. చదివిన కుర్రవాడు తన లెక్క తాను చేసుకుంటాడని వాళ్ళకు తెలుసు.

లక్ష్మణరావు గారు తానే రాసినవి 'హిందూ మహాయుగము', 'మహమ్మదీయ మహాయుగము'. దేశచరిత్రను కథాసంగ్రహంగా చెప్పే వరసలోవి. సరళమైన గ్రాంథికం. ఇప్పటి పదో తరగతి కుర్రవాడికి ఆ క్రియలు కొంచెం తడబాటు కలిగించినా రెండు పేజీలు దాటితే అలవాటైపోతాయి. నన్ను ఆకట్టుకున్నది భాష కాదు, వరస. పురాణం చెప్పేదొకటి, శాసనం చెప్పేదొకటి, పరదేశం నుంచి వచ్చిన యాత్రికుడు రాసుకున్నదొకటి. ఈ మూడింటిలో దేనికెంత బరువివ్వాలో ఆలోచించే తెలుగు వచనం అప్పటికి చాలా కొత్త. మా వృత్తిలో ఒక మాటుంది: ఎస్టిమేటు ఎవరైనా వేస్తారు, ఎమ్ బుక్కులో కొలత రాసినవాడే బాధ్యుడు. కొమర్రాజు వారిది ఎమ్ బుక్కు బుద్ధి.

ఒక విషయంలో ఆయనతో నాకు పేచీ ఉంది. దేశచరిత్రను హిందూ యుగం, మహమ్మదీయ యుగం, ఇంగ్లీషు యుగం అని మూడు ముక్కలు చేయడం ఆయన కల్పన కాదు, జేమ్స్ మిల్ మొదలైన ఇంగ్లీషు చరిత్రకారుల నుంచి వచ్చిన కొలబద్ద. రాజు మతం మారితే రైతు కాలం మారిపోతుందా? ఇప్పటి చరిత్రకారులు ఆ పేర్లను వదిలేశారు, మంచి పనే చేశారు. కానీ ఆయన కాలంలో చేతికి దొరికిన టేపు అదే. దానితోనే కొలిచారు.

తర్వాత ఎత్తుకున్నది ఇంకా పెద్ద పని, 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'. సకల శాస్త్రాలనూ అకారాది క్రమంలో తెలుగులో వివరించే గ్రంథం. ఇంగ్లీషువాళ్ళకు బ్రిటానికా ఉంది, మనకెందుకు ఉండకూడదని. యువకుడైన మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు ఈ పనిలో చేరి చేయి తిరిగినవారే. తర్వాత రెడ్డిరాజ్యాల చరిత్రకు ఆయనే పెద్ద ప్రమాణమయ్యారు. దివాను పని, జమీందారీ వ్యాజ్యాలు ఒక పక్క, ఈ సర్వస్వం ఒక పక్క. మద్రాసులో 'వేదవిలాస్' అనే వారి ఇల్లు పండితులకు సత్రంలా ఉండేది. కందుకూరి వీరేశలింగం గారు 1919 మేలో కన్నుమూసింది ఆ ఇంట్లోనే. నాలుగేళ్ళ తర్వాత, 1923 జులైలో, లక్ష్మణరావు గారు కూడా పోయారు. నలభై ఆరేళ్ళు. విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వచ్చాయి. మూడు సంపుటాలకీ 'అ' అక్షరం దాటలేదు. 1930ల్లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆ పనిని మళ్ళీ తలకెత్తుకున్నారు.

'అ' దగ్గరే ఆగిపోయిన ఆ పుస్తకం గురించి చదివిన రోజున నాకు మన జిల్లా గుర్తుకొచ్చింది. మన చరిత్ర 'అ' దాకా కూడా రాలేదు.

మన అందరికీ కళింగ యుద్ధం పాఠం గుర్తుండే ఉంటుంది. అశోకుడు, క్రీస్తుపూర్వం 261, రక్తపాతం, పశ్చాత్తాపం. రెండు మార్కుల ప్రశ్న, తప్పకుండా వచ్చేది. ఆ పాఠం చదువుతున్నప్పుడు కళింగం అంటే ఎక్కడో ఉత్తరాన ఉన్న పరాయి దేశం అనుకున్నామే తప్ప, మనం కూర్చున్న బెంచీ కింద నేల కళింగమేనని ఎవరికీ తట్టలేదు. మన సోషల్ మాస్టారు మంచి మాస్టారే. పుస్తకంలో లేనిది ఆయనెక్కడినుంచి తెస్తారు? ఇంకో తమాషా వినండి. యుద్ధంలో ఎంతమంది చచ్చారో, ఎంతమందిని చెరపట్టారో, తానెంత బాధపడ్డాడో అశోకుడు చెప్పుకున్నది పదమూడో శిలాశాసనంలో. అది కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది, వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉంది. కళింగంలో వేయించిన ధౌలి, జౌగడ శాసనాల్లో మాత్రం లేదు! ఆ స్థానంలో ఇక్కడి అధికారులకు ప్రజల్ని సరిగా చూసుకోండని చెప్పే వేరే శాసనాలు చెక్కించాడు. జౌగడ ఎక్కడో కాదు, ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లాలో, ఋషికుల్య ఒడ్డున. దెబ్బతిన్నవాళ్ళకు ఆ దెబ్బ గురించి ఎందుకు చెప్పలేదు? పదమూడేళ్ళ పిల్లకి ఈ ప్రశ్న వేసి చూడండి, రెండు మార్కుల జవాబుతో సరిపెట్టుకోదు.

రాయి చదివినవాళ్ళు మన వైపు లేక కాదు. కొమర్రాజు వారికంటే ముందే, మన పక్కనే, ఒక బడిపంతులు ఆ పని చేశారు. గిడుగు రామమూర్తి గారిని వాడుకభాష కోసం పోరాడినవారిగా అందరూ ఎరుగుదురు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన ఆ మనిషి 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చేరింది చరిత్ర పాఠాలు చెప్పడానికని ఎంతమందికి తెలుసు? ముఖలింగం గుడి గోడల మీది రాతలు ఆయన్ని నిలవనివ్వలేదు. నేర్పే గురువు లేడు. పుస్తకాలు తెప్పించుకుని పాత లిపులు తనంతట తానే నేర్చుకున్నారు.

అప్పట్లో పండితుల ముందున్న చిక్కు ఇది. తూర్పు గాంగుల పాత రాగిరేకుల్లో ఎక్కువభాగం కళింగనగరం నుంచి ఇచ్చినవి. ఆ నగరం ఎక్కడ? పేరు పోలికను బట్టి అది కళింగపట్నమేనని ఫ్లీట్ అనే పెద్ద శాసన పండితుడు అన్నాడు. రేవు ఉంది, పేరు ఉంది, ఎవరికైనా అలాగే తోస్తుంది. రామమూర్తి గారు కాదన్నారు. ముఖలింగం గుళ్ళలో ఉన్న శాసనాలు, చుట్టూ శిథిలాలు, పక్కనే నగరికటకం అనే ఊరు, ఇవన్నీ చూపించి కళింగనగరం ముఖలింగమేనని తేల్చారు. నడగాం గ్రామంలో దొరికిన వజ్రహస్తుని రాగిరేకులను, శకవర్షం 979 నాటివి, అంటే మన లెక్కలో 1057 ప్రాంతానివి, చదివి 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగో సంపుటంలో అచ్చువేయించారు. దేశంలోని శాసన పండితులు ఆయన మాట ఒప్పుకున్నారు. దొరగారు కాగితం మీద వెదికిన ఊరిని, మన పంతులుగారు కాలినడకన వెళ్ళి పట్టుకున్నారు.

కానీ అదంతా ఇంగ్లీషులో. గవర్నమెంటు వేసిన పెద్ద సైజు సంపుటంలో. ముఖలింగంలో గుడి మెట్ల మీద గోలీలాడుకునే పిల్లవాడికి ఆ సంగతి చేరాలంటే దాన్ని తెలుగులో, చిన్న పుస్తకంలో, చదవాలనిపించేలా చెప్పేవాడు ఒకడు కావాలి. మొదటి సగం గిడుగు వారు చేశారు. రెండో సగం కొమర్రాజు వారి తరహా పని, అది మన తీరానికి ఇంతవరకు సరిగా జరగలేదు. ఎవరో ఒకరిద్దరు ఉపాధ్యాయులు, స్థానిక పరిశోధకులు ఓపికగా రాసిన పుస్తకాలు లేకపోలేదు. అవి పెద్దవాళ్ళ కోసం. పిల్లల బస్తాలోకి వెళ్ళేది ఒక్కటీ నా కంటపడలేదు.

మొన్న సంక్రాంతి సెలవులకు మా చెల్లెలి పిల్లల్ని, వాళ్ళ స్నేహితులు మరో నలుగుర్ని, టెక్కలి మీదుగా ముఖలింగం తీసుకెళ్ళాను. మధుకేశ్వరాలయం చూపించి బొమ్మల గురించి చెబుతుంటే సెల్‌ఫోన్లు తీశారు. స్తంభాల మీది అక్షరాలు చూపించేసరికి ఫోన్లు జేబుల్లోకి పోయాయి. "ఇదేటి మావయ్యా, తెలుగా ఇది?" అని మేనల్లుడు. తెలుగేరా, తొమ్మిది వందల ఏళ్ళ కిందటిది అన్నాను. "మరి చదవడం అవట్లేదేటి?" వేలుపెట్టి ఒక్కొక్క అక్షరం వెదుకుతూ 'శ్రీ' పట్టుకున్నాడు. తర్వాత మేనకోడలు ఇంకోచోట 'శక' అన్నది పట్టుకుంది. అక్కడినుంచి అది ఆటగా మారింది. ఆ రాతల్లో చాలామటుకు యుద్ధాలవి కావు. గుడిలో అఖండదీపం వెలిగించడానికి ఎవరు ఏమిచ్చారో రాసుకున్నవి. "అంటే చందా పుస్తకమా?" అంది మేనకోడలు. అంతే కదా మరి. మన సంఘం వార్షిక నివేదిక వెనక పేజీల్లో వేసేది కూడా అదే.

ముఖలింగం ఒక్కటే కాదు. టెక్కలి పేరుతోనే శాసన పండితుల పుస్తకాల్లో అరడజను దాకా రాగిరేకులున్నాయి, ఉమావర్మ మహారాజుది మొదలుకొని గాంగ రాజులవి దాకా. సంతబొమ్మాళి పేరుతో ఉన్నాయి. అలాంటి రేకులు గాంగుల నంది ముద్రతో, ఉంగరంలో గుచ్చి ఉంటాయి. ఊళ్ళూ భూములూ దానమిస్తూ హద్దులు చెబుతాయి: చెరువు, పుట్ట, చెట్టు, రాయి. ఫీల్డు బుక్కు పట్టుకుని తిరిగిన నాలాంటివాడికి ఆ వాక్యాలు చదువుతుంటే పాత సర్వేయరుతో మాట్లాడినట్టుంటుంది. ఆ రాజులు తమ కులదైవంగా చెప్పుకున్న గోకర్ణస్వామి ఉన్నది మహేంద్రగిరి మీద. మందస వైపు వెళ్తే, వాన వెలిసిన ఉదయాల్లో, నీలంగా కనిపించేది అదే కొండ. రాజేంద్రచోళుడి విజయానికి గుర్తుగా శాసనం చెక్కించింది ఆ కొండ మీదే. అనంతవర్మ చోడగంగదేవుడు, పూరీ జగన్నాథాలయం కట్టించడం మొదలుపెట్టినవాడు, కళింగనగరం నుంచే ఏలడం మొదలుపెట్టి తర్వాత రాజధానిని కటకానికి మార్చాడు. శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాలు, కింద వంశధార, అవతల కళింగపట్నం రేవు. మన పిల్లలకి పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో వచ్చు.

ఇది గొప్పలు చెప్పుకోవడానికి అనడం లేదు. ఉద్దానంలో పుట్టిన పిల్లకి తన నేల గురించి పేపర్లో, టీవీలో ఏం కనిపిస్తుందో ఒకసారి ఆలోచించండి. తుపాను. కిడ్నీ జబ్బు. వలస. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమై తరాల ఆదాయం ఒక్క రాత్రిలో పోయింది. ఆ వారం రోజులు దేశానికి మన ఊళ్ళ పేర్లు తెలిశాయి, మళ్ళీ మరచిపోయారు. ఇంటర్ అయిన కుర్రవాడు విశాఖకో, హైదరాబాదుకో, గల్ఫుకో రైలెక్కుతాడు. అక్కడ 'మీది ఏ ఊరు' అంటే 'శ్రీకాకుళం' అంటాడు. ఎదుటివాడు 'ఓ, వెనకబడిన జిల్లా' అంటాడు. ఈ సంభాషణ నేను ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. కుర్రవాడి దగ్గర తిరిగి చెప్పడానికి ఒక్క వాక్యం ఉండదు. నైజాంలో కచేరీ గుమ్మం ముందు తెలుగు మాట్లాడలేక నిలబడ్డ మనిషిని చూసి కొమర్రాజు వారు గ్రంథాలయం పెట్టారు. మన కుర్రవాడిదీ అలాంటి అవస్థే.

ఇక డబ్బు సంగతి. సంఘం స్వర్ణోత్సవ నిధిలో పెద్ద వాటా ఆర్చి కట్టడానికని అనుకుంటున్నట్టు తెలిసింది. ఆర్చి వద్దనను. సిమెంటు పని నా వృత్తి, ఎలా అంటాను? దాని ఎత్తు రెండడుగులు తగ్గించి, మిగిలిన సొమ్ముతో మన తీరం చరిత్ర ఒక చిన్న పుస్తకంగా వేద్దామని మా 1984 బేచ్ తరఫున ప్రతిపాదన ఇచ్చాము. నూట ఇరవై పేజీలు మించకూడదు. గ్రాంథికం వద్దు, గిడుగు వారి జిల్లాలో అది బాగుండదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలు చదివేలా. పలాస, టెక్కలి, మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లోని ప్రతి హైస్కూలుకూ ఇరవై కాపీలు ఉచితంగా. రాయడానికి చరిత్ర ఎమ్మే చేసిన మన పూర్వవిద్యార్థులు ముగ్గురు ఒప్పుకున్నారు. శాసనాల పాఠం సరిచూడటానికి విశ్వవిద్యాలయంలోని పండితులను అడగాలి. పటాలు నేను గీస్తాను, జీతం అక్కర్లేదు.

ఒక నియమం మాత్రం కొమర్రాజు వారి నుంచి అరువు తెచ్చుకున్నాం. 'మా తాత చెప్పాడు' అన్న కథ వస్తే, తాత చెప్పాడనే రాస్తాం. రాయి చెప్పిందంటే ఆ రాయి ఎక్కడుందో, పిల్లలు వెళ్ళి చూడటానికి ఏ బస్సు ఎక్కాలో రాస్తాం. మన కులం గొప్పది, మన రాజు గొప్పవాడు అని రాసి పంపేవాళ్ళు ముందే ఆ శ్రమ మానుకోవచ్చు.

మీ నుంచి కావలసింది రెండు రకాలు. చందా గురించి కోశాధికారి గారితో మాట్లాడండి. రెండోది, మీ ఊరి గుడిలోనో చెరువుగట్టునో అక్షరాలున్న రాయి ఉంటే ఎండ ఏటవాలుగా పడే వేళ, ఉదయం ఎనిమిది లోపు, ఫొటో తీసి పంపండి. పక్కన ఒక స్కేలు పెట్టండి, లేకపోతే అగ్గిపెట్టె. రాయికి సున్నం ఉంటే ఉలితో గీకవద్దు, యాసిడ్ పోయవద్దు, పసుపు రాసి బొట్లు పెట్టవద్దని పూజారిగారిని కాస్త బతిమాలండి. పొలం దున్నుతుంటే రాగిరేకు దొరికిందని ఎవరైనా చెబితే పాతసామాన్ల వాడికి చేరకముందే తహసీల్దారు ఆఫీసులో తెలియజేయమనండి, మాకూ ఒక మాట చెప్పండి. నీలం సిరా అట్ట ఉన్న నోటుబుక్కు ఒకటి సంఘం ఆఫీసులో టేబులు మీద పెట్టించాం. వచ్చిన ప్రతి ఫొటోకీ ఊరు, తేదీ, పంపినవారి బేచ్ అందులో రాస్తున్నాం. ఇప్పటికి పదకొండు పేజీలు నిండాయి.